తాత నడిచిన ఏడు మాటలు

మొన్న బెంగళూరు బెళ్ళందూరులో ఒక ఆస్పత్రివాళ్ళు నన్ను గీత మీద నడిపించారు. నేల మీద పసుపు రంగు గీత, పదడుగుల పొడవు. దాని మీద నడిచి చూపించమంది తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి. ఆ అమ్మాయి వయసు నా కళ్ళజోడు వయసంత ఉంటుంది. నా వయసు అడిగితే ఎనభై అన్నాను. ఎనభై దాటి చాలా కాలమైంది గానీ, ఆ అంకె దగ్గర నాకు హాయిగా ఉంది, అక్కడే ఆగిపోయాను.

నడిచాను. నా మటుకు నేను బాగానే నడిచాను. గీతే కాస్త పక్కకి జరిగింది.

ఆ అమ్మాయి కంప్యూటర్లో టకటకమని ఏదో కొట్టింది. "ఏం రాశావమ్మా?" అని అడిగాను.

"అన్‌స్టెడీ అని రాశానాంటీ. అంతే, భయపడకండి."

నాకు దిమ్మ తిరిగింది. జబ్బుకి కాదు, ఆ మాటకి. మనిషి కాలు నిలవక నడిచే నడకలన్నిటికీ కలిపి ఒక్క మాటా? తొమ్మిదేళ్ళప్పటికే నాకు ఏడొచ్చు. ఏడూ ఇంగ్లీషువే. ఏడూ మా తాత నేర్పినవే, అదీ నోటితో కాదు, కాళ్ళతో. అందులో ఒక మాటని నేను సరిగ్గా చెప్పాను, చెప్పకూడని సమయంలో. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. పక్కనున్న నా మనవరాలికి కూడా.

మా ఇల్లు అప్పట్లో నగర్తపేటలో, జరీ అంగళ్ళ వెనక సందులో ఉండేది. పొద్దున లేస్తే పట్టు ఉడకబెట్టే వాసన, దాని మీద కాఫీగింజలు వేయించే వాసన, రెండిటి మీదా ఎవరింట్లోనో మాడిన సంగటి వాసన. రెండో ప్రపంచయుద్ధం రోజులు. కిరసనాయిలు దొరికేది కాదు, చక్కెర దొరికేది కాదు. ఇంగ్లీషు మాత్రం మా తిన్నె మీద, అంటే వీధి అరుగు మీద, దండిగా దొరికేది.

తాత అంటే మా అమ్మ నాన్న. దండులో, అంటే కంటోన్మెంటులో, ఒక తెల్లదొర దగ్గర గుమాస్తాగా పనిచేశాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో దొరగారి గుర్రం కాలికి రాయి తగిలి తడబడిందట. ఆ సంగతి కాగితం మీద రాస్తూ తాత 'స్టాగర్' అనే మాట వాడాడట. దొర ఆ కాగితాన్ని నలుగురి ముందూ పైకి చదివి, "నా గుర్రానికి సారాయి పోసిందెవరు?" అని అడిగాడట. నలుగురూ నవ్వారట. ఆ నవ్వుని తాత ముప్పై ఏళ్ళు మోశాడు. ఉద్యోగం విరమించిన మర్నాడే, మా సందులో పుట్టిన పిల్లలెవరూ ఆ తప్పు చేయకూడదని పట్టుబట్టాడు. మా సందులో ఎవరికీ గుర్రం లేదు. అది ఆయనకి అడ్డు రాలేదు.

ఆయన దగ్గర పుస్తకం ఉండేది కాదు. అర్థం చెప్పేవాడు కాదు. నడిచేవాడు, అంతే. ఆ నడకకి సరిపడే మాట మేం చెప్పాలి. ముందు చెప్పిన వాళ్ళకి ఆయన బొడ్లో దోపుకున్న గుడ్డసంచి లోంచి ఒక బెల్లం ముక్క. ఆటకి రెండే రెండు నియమాలు. పాఠం మొదలైందని ఆయన చెప్పడు. బావి దగ్గరికి పోతూ పోతూ మొదలుపెట్టేవాడు, అంగడి నుంచి కూరలు తెస్తూ మొదలుపెట్టేవాడు. కనిపెట్టాల్సింది మేమే. ఇక రెండోది, సరైన మాట పడేదాకా ఆయన ఆగడు. తప్పు చెప్తే అలాగే నడుస్తూ పోయేవాడు, అవసరమైతే పడేవాడు కూడా. ఒకసారి నూలు కండెల బుట్టలో పడ్డాడు. సరైన మాట చెవిన పడిన మరుక్షణం "సరి" అని, గుంజలా నిటారుగా నిలబడేవాడు. ఆ "సరి" కోసం మేం ప్రాణాలు పెట్టేవాళ్ళం.

గడప మీద ఒక కాలెత్తి, దించుదామా వద్దా అని ఆగిపోతే హెసిటేట్. హొసకోటె నుంచి వచ్చే మా చిన్నాయన అత్తగారింట్లో రెండోసారి కాఫీ అడిగే ముందు చేసేది అదే. అడుగు వేయబోయి, మధ్యలో సత్తువ చాలక నీరుకారిపోతే ఫాల్టర్. దీపం ఒత్తిలా అటూ ఇటూ ఊగితే వేవర్; సైకిలు కొనాలా వద్దా అని మా నాన్న మూడేళ్ళుగా అందులోనే ఉన్నాడు. చిన్న చిన్న అడుగులతో, ఇప్పుడు పడతారా ఇంకాసేపటికి పడతారా అన్నట్టు నడిస్తే టాటర్. ఒప్పులకుప్ప తిరిగి ఉన్నట్టుండి చేతులు వదిలేస్తే వచ్చేది రీల్. రెండు పక్కలా తూలితే స్టాగర్. అది ఆదివారం సాయంత్రాలు సారాయి అంగడి వైపు నుంచి మా సందులోకి తనంతట తానే వచ్చేది. ఎవరో తోసినట్టు ఉన్నపళంగా ఒకే పక్కకి ఒరిగిపోతే లర్చ్. పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచే హొసకోటె బస్సు ప్రతి మలుపులోనూ చేసేది అదే. ఎక్కినవాళ్ళు అందరి దేవుళ్ళనీ తలుచుకుని దిగేవాళ్ళు.

మా అవ్వకి, అంటే అమ్మమ్మకి, ఈ విద్య బొత్తిగా నచ్చేది కాదు. పాఠం జరుగుతున్నంత సేపూ తలుపు వెనక రోట్లో ఏదో ఒకటి దంచుతూ ఉండేది, దంచడానికి ఏమీ లేని రోజు కూడా.

"ఏమప్పా, వయసొచ్చిన మనిషివి. దీపాలు పెట్టే పొద్దులో ఈ కోతి నడకలేంది? తథాస్తు దేవతలు పైన తిరుగుతా ఉంటారు. వాళ్ళకి ఇంగ్లీషు రాదనుకోనుండావా?"

"వాళ్ళది సంస్కృతం లేవే. నా తిన్నె మీదికి ఇంగా పాఠానికి రాలేదు."

"నవ్వు, నవ్వు. తూలేదానికి, తడబడేదానికి మనకి మాటలు లేవా? తెల్లోళ్ళవి తెచ్చుకోని తూలల్లా?"

తిన్నె మీద చదువుకునే వాళ్ళం ముగ్గురం. నేను, మా చిన్నమ్మ కొడుకు, ఎదురింటి పిల్ల. ఎదురింటి పిల్లకి నాయనమ్మ ఉండేది. ఆ ముసలవ్వ పొద్దున్నే పూలబుట్ట పట్టుకుని చిన్న చిన్న అడుగులతో గుడికి పోయేది. మేం ఊరుకుంటామా? ఒక రోజు ముగ్గురం ఆమె వెనకాలే నడుస్తూ "టాటర్! టాటర్!" అని పాట కట్టాం. సొంత మనవరాలి గొంతే అందరికన్నా పెద్దగా వినిపించింది. ముసలవ్వ మా తిన్నె ముందుకొచ్చి నిలబడింది.

"ఏమప్పా గుమాస్తా, నీ పిల్లకాయలు నన్ను టాటరంటా ఉండారు. అదేం తిట్టు?"

తాత మా వైపు చూశాడు. "మాట సరిపోయిందా?" అని అడిగాడు. సరిపోయిందన్నాం గర్వంగా. "సరిపోయిందిలే. పోయి ఆ బుట్ట తీసుకోండి" అన్నాడు. ఆ రోజు నుంచి నెల రోజులు వంతులు వేసుకుని ఆమె పూలబుట్ట గుడి దాకా మోశాం. ఆమెతో సమానంగా నడవాలంటే మేం కూడా టాటర్ నడవాల్సి వచ్చింది. చాలా కష్టమైన నడక. బెల్లం ఇవ్వలేదు.

అవరేకాయల, అంటే అనపకాయల, కాలం వచ్చింది. చలి. పొద్దున తలుపు తీస్తే మంచులో ఎదురిల్లు ఉండేది కాదు. ఆ కాలంలో మా సందులో ప్రతి తిన్నె మీదా కాయల కుప్పే. ఒలిచిన గింజల్ని రాత్రి నానబెట్టి, పొద్దున వేళ్ళ మధ్య పెట్టి పితికితే తోలు చేతిలో ఉండి పప్పు ఎగిరి పడుతుంది. గిన్నెలో పడాలని పెద్దవాళ్ళ ఉద్దేశం. అవతలివాడి కంట్లో పడాలని మాది. చేతులకి ఆ పచ్చివాసన, సొగడు అంటారు మావాళ్ళు, వారం రోజులు కడిగినా పోయేది కాదు.

ఆ పొద్దున ముగ్గురం తిన్నె మీద గింజలు పితుకుతున్నాం. అవ్వ లోపల దంచుతోంది. తాత ఇత్తడి చెంబుతో నీళ్ళు పట్టుకుని నడవలోంచి వచ్చాడు. గడప దగ్గర ఆగాడు. ఒక కాలెత్తి అలాగే ఉంచాడు.

మేం ముగ్గురం మొహాలు చూసుకున్నాం. పాఠం!

"హెసిటేట్!" అన్నాడు చిన్నమ్మ కొడుకు.

తాత "సరి" అనలేదు. కాలు దించాడు. ఇంకో అడుగు వేయబోయాడు, మోకాలు మెత్తబడిపోయింది.

"ఫాల్టర్! తాతా, ఫాల్టర్!" ఎదురింటి పిల్ల.

"సరి" అనలేదు. కుడిచేతిలోంచి చెంబు జారి ఠంగుమని పడి, నీళ్ళు చిమ్ముకుంటూ మెట్లు దిగి వీధిలోకి దొర్లిపోయింది. తాత ఇంతకుముందెప్పుడూ పాఠంలో వస్తువులు వాడలేదు. మాకు చాలా నచ్చింది. చప్పట్లు కొట్టాం.

అప్పుడు ఉన్నట్టుండి, ఎవరో తోసినట్టు, కుడిపక్కకి ఒరిగాడు. భుజం తలుపు గుంజకి తగిలింది.

నాకు తెలిసిపోయింది. అంత నిశ్చయంగా నాకు జీవితంలో మళ్ళీ ఏదీ తెలియలేదు. "లర్చ్!" అని అరిచి, లేచి నిలబడి, బెల్లం ముక్క కోసం చెయ్యి చాపాను.

తాత నా చేతి వైపు చూశాడు. తర్వాత నా మొహం వైపు చూశాడు. ఏదో అనబోయాడు. నోరు ఒక పక్కకి పోయింది. వచ్చింది మాట కాదు. గుంజని పట్టుకునే జారి, అవరేగింజల కుప్ప మీద కూలబడి, పక్కకి ఒరిగిపోయాడు. గింజలు నాలుగు వైపులా దొర్లాయి.

మేం అప్పటికీ కదల్లేదు. సరైన మాట పడితే ఆయన లేస్తాడు. అది నియమం. మాట ఇంకా పడలేదు, అందుకే లేవలేదు. అంతే మాకు తెలిసింది. "స్టాగర్!" "రీల్!" "వేవర్!" "టాటర్!" ఒకరి మీద ఒకరం పడి అరిచాం. ఏడూ అయిపోయాయి. నా చెయ్యి ఇంకా చాచే ఉంది.

"తాతా," అన్నాను, "ఇది మాకింకా చెప్పలేదు."

చెంబు పడిన చప్పుడుకి అవ్వ రాలేదు. అరుపులకి రాలేదు, చప్పట్లకి రాలేదు. అవన్నీ రోజూ ఉండేవే. మేం నోళ్ళు మూసుకున్నాక వచ్చింది.

"ఏమే, యాల గమ్మునైపోయినారు?" అంటూ తలుపు దగ్గరికొచ్చి చూసింది.

మా ఇంట్లో ఆ పొద్దున ఏమాత్రం హెసిటేట్ చేయని మనిషి ఆమె ఒక్కతే. రోకలి అక్కడే పారేసి, కూర్చుని, తాత తల ఒళ్ళో పెట్టుకుని, "మీ నాయన్ని పిల్చుకోని రాపోయే. పరిగెత్తు!" అంది. పరిగెత్తాను. మూడేళ్ళుగా సైకిలు గురించి ఆలోచిస్తున్న మా నాన్న, పక్క అంగడివాళ్ళ సైకిలు అడక్కుండానే తీసుకుని డాక్టరు కోసం పోయాడు.

డాక్టరు జట్కాలో వచ్చాడు. కోటు, టోపీ, చేతిలో తోలు సంచి. తాత చేతులు ఎత్తి చూశాడు, కళ్ళలోకి చూశాడు. తర్వాత కన్నడంలో అడిగాడు. "ఎలా పడ్డాడు? మొదట ఏమైంది? ఎవరు చూశారు?"

పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "కండ్లు తిరిగినట్లుండాది సార్" అన్నాడు నాన్న. "కాలు జారినాడేమో, నీళ్ళు చల్లినారు కదా" అన్నారు పక్కింటివాళ్ళు. చూసింది మేం ముగ్గురం. ఎదురింటి పిల్ల వాళ్ళింట్లో మంచం కింద దూరింది. చిన్నమ్మ కొడుకు పాత నూలు మూటల వెనక ఉన్నాడు. అవ్వ నన్ను రెక్క పట్టుకుని డాక్టరు ముందు నిలబెట్టింది.

"చూసినావు కదే. చెప్పు."

ఏడుస్తూ చెప్పాను. నాకు తెలిసిన మాటల్లోనే చెప్పాను, వరసగా. హెసిటేట్, సార్. తర్వాత ఫాల్టర్. తర్వాత చెంబు. తర్వాత లర్చ్.

డాక్టరు రాయడం ఆపి తలెత్తాడు. "లర్చా? స్టాగర్ కాదూ?"

"కాదు సార్. స్టాగర్ అంటే రెండు పక్కలా. ఇది ఒక పక్కకే. కుడిపక్కకి."

ఆయన నా వైపు కాసేపు చూశాడు. "ఎవరు నేర్పారమ్మా నీకు ఇంగ్లీషు?" అని అడిగాడు. నేను తాత వైపు చూపించాను.

నేను చెప్పనిది ఒకటి ఉంది. చప్పట్ల సంగతి. చాచిన చెయ్యి సంగతి.

తాత బతికాడు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. ముప్పై ఏళ్ళు దొరకి రాసిన చెయ్యి దుప్పటి మీద ఎవరో మర్చిపోయిన వస్తువులా ఉండేది. మాట పోయింది. ఇంగ్లీషు మొత్తం పోయింది, తెలుగులో రెండు మూడు ముక్కలు మిగిలాయి: "నీళ్ళు", "తలుపు", అవ్వని పిలవడానికి "ఏయ్". అవ్వ ఆయన పక్కనే ఉండి ఒక్కసారి కూడా తథాస్తు దేవతల మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

నేను తాత మంచం ఉన్న గదిలోకి వెళ్ళేదాన్ని కాదు. వాకిలి దాకా వెళ్ళి, ఒక కాలెత్తి, ఆగిపోయేదాన్ని. దానికి మాట నాకు తెలుసు. ఆయన నా చెయ్యి చూశాడు. చూసినవాడు నా గురించి ఏమనుకుని ఉంటాడు? అడగడానికి లేదు. అడిగినా చెప్పడానికి ఆయనకి మాటల్లేవు. అవరేకాయలు ఆ ఏడు ఇంట్లో మళ్ళీ వండలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ తేలేదు.

పెద్దయ్యాక ఒక డాక్టరుని అడిగాను, ఊరికే, ఎవరి గురించో అన్నట్టు. ఆ రోజుల్లో ఆ కాసేపట్లో ఎవరైనా చేయగలిగింది ఏమీ ఉండేది కాదన్నాడు. నమ్మాను. ఆ నమ్మకం పగటిపూట బాగానే పనిచేస్తుంది.

మామిడికాయలొచ్చేవేళకి తాత మంచం దిగాడు. గోడ పట్టుకుని, కర్ర పట్టుకుని, నడవలోకొచ్చాడు. మేం ముగ్గురం అక్కడే గవ్వలాడుతున్నాం, చప్పుడు చేయకుండా. ఆయన చిన్న చిన్న అడుగులతో, ఇప్పుడో ఇంకాసేపటికో అన్నట్టు, నడవ మధ్య దాకా వచ్చి ఆగాడు. మా వైపు చూశాడు. మళ్ళీ రెండడుగులు వేశాడు. ఆగాడు. చూశాడు.

ఆయన అడుగుతున్నాడని ముగ్గురికీ తెలిసింది. మాట కూడా ముగ్గురికీ తెలుసు. ముగ్గురం గవ్వల వైపే చూస్తూ కూర్చున్నాం. ఇంకో రెండడుగులు. ఈసారి కర్రతో నేలని గట్టిగా కొట్టాడు.

"ఏమే, నోట్లో అవరేగింజలు పెట్టుకోనుండారా?" అంది అవ్వ వంటింటి తలుపు దగ్గర నుంచి. చేతికి పిండి. "మనిషి అంత కష్టపడి నడస్తా ఉంటే చెప్పేదానికి లేదా? టాటర్! టాటరని చెప్పండే!"

మేం ముగ్గురం గవ్వలు వదిలేసి ఆమె వైపు తిరిగాం. చదువు లేని అవ్వ. రోకలి చప్పుడులో ఆమె ఎన్ని పాఠాలు విందో, ఏడూ వచ్చో, ఇంకా ఎక్కువే వచ్చో, నేను ఇప్పటికీ లెక్క కట్టలేను.

తాత కష్టం మీద నిటారుగా నిలబడ్డాడు. మాట కూడదీసుకున్నాడు.

"స... సరి."

ఎడమచేత్తో బొడ్లో వెతికాడు. సంచి ఉంది. అన్ని నెలలూ పంచె మార్చినప్పుడల్లా ఆ సంచిని మళ్ళీ దోపింది ఎవరో చెప్పనక్కరలేదు. బెల్లం ముక్క తీసి అవ్వ చేతిలో పెట్టాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో మాకు కనిపించలేదు.

తర్వాత ఆయన నా వైపు తిరిగాడు. ఇంకో ముక్క తీశాడు. నాలుగడుగులు వేసి, నా ముందు నిలబడి, ఒరిగాడు, ఒకే పక్కకి, కుడిపక్కకి, కొంచెమే, గోడ ఆనుకునేంత. ఆ ముక్క చూపించాడు. నేను చెయ్యి చాపలేకపోయాను. ఆయనే నా పిడికిలి విప్పి, అందులో పెట్టి, మూశాడు.

"సరి" అన్నాడు. ఈసారి స్పష్టంగా.

ఆ ముక్క నేను తినలేదు. చీమలు తిన్నాయి.

బెళ్ళందూరు ఆస్పత్రిలో ఆ అమ్మాయి, "ఇంకొక్కసారి నడవండాంటీ, వీడియో తీసుకుంటాను" అంది. నాకేదో పాత బుద్ధి పుట్టింది. మనవరాలు ఫోను చూసుకుంటోంది. గీత మీదికెక్కి నాలుగడుగులు బుద్ధిగా వేసి, అయిదో అడుగులో, తాత చూస్తే మెచ్చుకునేలా, ఉన్నపళంగా కుడిపక్కకి ఒరిగాను. ఒరిగి, ఆమె ఏ మాట చెప్తుందా అని చూశాను.

ఆమె ఏ మాటా చెప్పలేదు. చేతిలోది నేల మీద పారేసి ఒక్క ఉరుకున వచ్చి నన్ను రెండు చేతులా పట్టేసుకుంది. ఆ పారేసింది పగిలిందనుకుంటాను. ఆమె గుండె నా భుజానికి తగులుతూ దడదడమని కొట్టుకుంటోంది.

పాపం, ఆమెకి ఒక్క మాటే వచ్చు. ఏడు మాటలొచ్చిన మేం ముగ్గురం ఆ పొద్దున చేయని పని అది.

"పడిపోయారనుకున్నానాంటీ! ఏమైంది? బాగున్నారా?"

"సరి" అన్నాను. ఆమెకి అర్థం కాలేదు. ఆమెకి ఇద్దామంటే నా సంచీలో బెల్లం ముక్క లేకపోయింది.